నలభై చలవ సంచులు

ఆ రోజు ఉదయం మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి షెడ్డుకు వెళ్ళాలి, నలభై శాంపిల్ సంచులకు సరిపడా బట్టల సోడా తూచి ఇవ్వాలి, ఆ తరువాత ఎవరూ పిలవనంత సేపు మిక్సింగు గదిలో తలుపు వేసుకుని ఉండాలి. ఏడో తరగతి మధ్యలో బడి మానేసిన దగ్గర్నుంచి అతని పథకాలన్నీ ఇంత కొలతలోనే ఉండేవి. పెద్ద పథకాలు చదువుకున్నవాళ్ళు వేస్తారని, వాటి కింద పడి నలగడానికి మిగతావాళ్ళు పుడతారని అతని నమ్మకం.

షెడ్డులో తయారయ్యేది చలవ సంచి. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ సంచి, అందులో గాజుముక్కల్లాంటి సోడా పలుకులు, వాటి మధ్య ఒక చిన్న నీళ్ళ పొట్లం. ఆటలో దెబ్బ తగిలినవాడు సంచిని గుప్పిట్లో గట్టిగా నొక్కితే లోపలి పొట్లం పగులుతుంది. సోడా కరుగుతూ చుట్టుపక్కల వేడిని లాగేసుకుంటుంది. సంచి చల్లబడుతుంది, దెబ్బ నెమ్మదిస్తుంది. పద్నాలుగేళ్ళుగా సరుకు కలిపేది మేస్త్రి. సంచుల మూతులు అతికి పెట్టెల్లో సర్దేది అతని భార్య. షెడ్డు యజమాని ఆమె తమ్ముడు. అంటే ఇంట్లో భార్య మాట, షెడ్డులో బావమరిది మాట. మిక్సింగు గది తలుపు వెనక ఉన్నంతసేపే మేస్త్రి మాట, అదీ డ్రమ్ముతో.

ఆ గదికే ఇప్పుడు ఎసరు వచ్చింది. పన్ను పీకించుకుని రెండు రోజులు ఇంట్లో పడుకున్న మేస్త్రికి నిన్న సాయంత్రం భార్య ఆ వార్త మోసుకొచ్చింది.

"రేపు క్లబ్బుల మేడమ్ వస్తోందట. ఆటల క్లబ్బులన్నింటికీ సరుకు కొనేది ఆవిడేనట. అల్లుడి లెక్కతో చేసిన సంచులు ఆవిడకి నచ్చితే మిక్సింగు గది అల్లుడికి. మీరు ప్యాకింగులోకి."

"నీ పక్కకా?"

"పక్కకి కాదు. కిందకి."

మేస్త్రి బుగ్గ పట్టుకున్నాడు. పన్ను నొప్పి అప్పటికే తగ్గిపోయింది.

"అలా మొహం పెట్టకండి. నాకేమన్నా సరదానా? ఇంట్లో చూసే మొహమే అక్కడా చూడాలి" అంది ఆమె.

అల్లుడంటే యజమాని కూతురి మొగుడు. వేడి లెక్కల్లో పెద్ద చదువు చదివాడు. ఏ పదార్థం ఏ పదార్థంతో కలిస్తే ఎంత వేడి వస్తుందో, ఎంత పోతుందో ఒక పట్టికలో చూసి, కూడి, తీసి, కలపకుండానే చెప్పగలడు. కలపకుండా చెప్పడం అతని గొప్ప. చెప్పకుండా కలపడం మేస్త్రి గొప్ప. రెండో గొప్పకు ఎక్కడా సర్టిఫికెట్ ఇవ్వరు.

ఎనిమిదింటికి మేస్త్రి స్టోరు తలుపు తీశాడు. నాలుగు నిండు బస్తాలు వదిలి వెళ్ళినచోట ఇప్పుడు ఒక బస్తా నిండుగా, రెండోది సగానికి, మిగతా రెండూ మడతపెట్టి ఉన్నాయి. "దొంగలు పడ్డారు" అని అతను పెట్టిన కేకకు పన్ను సందులోని దూది ఊడి గుమ్మం అవతల పడింది.

ముందు భార్య వచ్చింది, చేతిలో టేపు కట్టరుతో. తరువాత వాచ్‌మన్ వచ్చాడు, చేతిలో ఏమీ లేకుండా. అదే అతని మీద అనుమానానికి మొదటి కారణం.

"నాలుగు బస్తాలు గేటు దాటి పోతుంటే నువ్వేం చేస్తున్నావయ్యా?" అన్నాడు మేస్త్రి.

"బస్తాలు నాలుగూ ఇక్కడే ఉన్నాయిగా మేస్త్రిగారూ. లోపలిది తగ్గింది. బస్తా పోతే నన్నడగండి. లోపలిది నా డ్యూటీ కాదు."

"ఈ మధ్య ఈయన చొక్కాలు మరీ తెల్లగా ఉంటున్నాయి" అంది భార్య, ఎవరితోనూ కాకుండా.

వాచ్‌మన్ తన చొక్కా వంక చూసుకున్నాడు. అది నిజంగానే కళ్ళు చెదిరేంత తెల్లగా ఉంది.

"పదకొండేళ్ళు" అన్నాడు నెమ్మదిగా. "పదకొండేళ్ళు ఎండా వానా అనకుండా ఈ గేటు పట్టుకుని వేలాడాను. ఇప్పుడు దొంగనయ్యాను. సరే, దొంగ బయటికి పోతే లోపల మిగిలేదంతా మంచివాళ్ళేగా. మంచివాళ్ళకి కాపలా ఎందుకు?"

అని బయటికి నడిచి, అలవాటు కొద్దీ గేటుకు బయటినుంచి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, రోడ్డు దాటి ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. యజమాని మేడ మీదనుంచి మూడుసార్లు పిలిచాడు. వాచ్‌మన్ మూడుసార్లూ టీ ఊదుకున్నాడు.

అప్పుడు పక్క గదిలోంచి అల్లుడు కాగితంతో మేస్త్రి దగ్గరకు వచ్చాడు. "సరుకు ఎవరూ ఎత్తుకుపోలేదు మామయ్యగారూ. నీళ్ళు పోయాయి, అంతే."

"బస్తాలో నీళ్ళెక్కడివి?" అన్నాడు మేస్త్రి.

"సోడా పలుకంటే అంతా సోడా కాదండీ. వందలో అరవై మూడు పాళ్ళు నీళ్ళే, పలుకులో ఇరుక్కుని ఉంటాయి. ఇన్నాళ్ళూ మనం సంచిలో నీళ్ళు నింపి అమ్ముతున్నాం. నేను రెండు రోజులు హీటరు పెట్టి ఆరబెట్టాను. ఇప్పుడు అదే బరువులో దాదాపు మూడింతల సోడా పడుతుంది. అంటే దాదాపు మూడింతల చల్లదనం."

మేస్త్రి బస్తాలో చెయ్యి పెట్టాడు. పలుకులు లేవు. సున్నంలాంటి తెల్లటి పొడి ఉంది.

"పలుకు కరిగినా పొడి కరిగినా ఒకటేనా బాబూ?"

"మొదలూ చివరా చూడాలి మామయ్యగారూ. మొదట సోడా, చివరికి సోడానీళ్ళు. మధ్యలో ఏ దారిన వెళ్ళినా వేడి లెక్క మొత్తం ఒకటే. ఇది సూత్రం. ఆరబెట్టడం దారి మాత్రమే."

"మరి రెండు రోజులు హీటరు అంత వేడి పోసిందే, అదేమైంది?"

"గాల్లో పోయింది" అన్నాడు అల్లుడు దయగా.

మేస్త్రి చేతులు పద్నాలుగేళ్ళు డ్రమ్ము కడిగిన చేతులు. డ్రమ్ము అంచున సోడా ఎండి పొడి కట్టినచోట నీళ్ళు పోస్తే వేళ్ళకు వెచ్చగా తగులుతుందని, పలుకుల మీద పోస్తే వేళ్ళు కొంకర్లు పోతాయని ఆ చేతులకు తెలుసు. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచాడు. తెరిచాక ఆలోచించాడు. మేడమ్ వస్తుంది. సంచి నొక్కుతారు. చలవ సంచి వేడెక్కుతుంది. అల్లుడు లెక్కల పుస్తకంతో సహా ఇంటికి వెళతాడు. గది గదిలాగే ఉంటుంది.

నోరు మూసుకున్నాడు. పన్ను పీకించుకున్న తరువాత ఆ నోటికి దక్కిన మొదటి సుఖం అది.

ఆ తరువాత రెండు గంటలు మేస్త్రి పనిచేసినంత శ్రద్ధగా ఆ షెడ్డులో ఎవరూ ఎన్నడూ పనిచేయలేదు. నలభై సంచులకు పొడి గ్రాము తేడా లేకుండా తూచాడు. ఈల వేశాడు. పన్ను లేని సందులోంచి ఈల రెండు స్వరాల్లో వచ్చింది.

"ఏమిటా నవ్వు?" అంది భార్య సంచి మూతి అతుకుతూ.

"రేపట్నుంచి నీ కింద పని కదా. అలవాటు చేసుకుంటున్నాను."

ఆమె అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు. ఆమెకు మరింత భయం వేసింది.

పదిన్నరకు యజమాని మెట్లు దిగి వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో. "బావా, మేడమ్ ముందు సంచి నొక్కేది నువ్వే. అల్లుడు పక్కన నిలబడి లెక్క చదువుతాడు. అన్నట్టు ప్రతి సంచి మీదా చీటీ అంటించాం చూశావా?"

మేస్త్రి చూశాడు. నలభై సంచుల మీదా 'కలిపినవారు: మేస్త్రి' అని ఉంది.

"అల్లుడి పేరు లేదేం?"

"ఆర్డరు వచ్చాక వేయిద్దాం. ముందే ఎందుకు, దిష్టి."

మేస్త్రి ఈల ఆగిపోయింది. ఆర్డరు వస్తే లెక్క అల్లుడిది, రాకపోతే చెయ్యి మేస్త్రిది. ఎటు తిరిగినా గది పోయేది అతనిదే. ఇంత చక్కటి ఏర్పాటు ఏ పట్టికా చూడకుండా చేసినందుకు బావమరిదిని లోలోపల మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు.

"ఏమయ్యా, ఒక్క మాట. ఈ పొడి చల్లబడదు. వేడెక్కుతుంది."

యజమాని అతని భుజం మీద చెయ్యి వేశాడు. "బావా, నీ బాధ నాకు అర్థమైంది."

"అర్థం కావలసింది నా బాధ కాదు, సోడా."

"చిన్నవాడు పైకొస్తున్నాడు. పెద్దవాళ్ళం మనం సర్దుకోవాలి."

"సర్దుకోవడం తరువాత. ఒక సంచి నొక్కి చూపిస్తాను, నీ చేత్తోనే పట్టుకుని చూడు" అని మేస్త్రి పెట్టెలో చెయ్యి పెట్టాడు. భార్య టేపు కట్టరు వీపు భాగంతో ఆ చేతి మీద ఒక్కటి వేసింది. "నలభై లెక్కపెట్టి పెట్టాను. ముప్ఫై తొమ్మిది చేస్తే ఊరుకోను."

సరిగ్గా అప్పుడే గేటు అవతల కారు ఆగింది.

క్లబ్బుల మేడమ్ పొడుగాటి మనిషి, ఆటబూట్లు వేసుకుని ఉంది. గేటుకు తాళం చూసి రోడ్డు అవతలి బెంచీ వంక చూసింది. వాచ్‌మన్ లేచి నిలబడి మర్యాదగా, "లోపల దొంగతనం జరిగిందటండీ. ఎవరినీ నమ్మకండి" అని మళ్ళీ కూర్చున్నాడు. తాళంచెవి సంగతి ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

యజమాని పరుగెత్తుకెళ్ళి ప్యాకింగు గది కిటికీ తెరిచాడు. అది వీధిలోకి ఉంది, చువ్వలు లేవు. మేస్త్రి భార్య బయటికి ఒక స్టూలు అందించింది. "ఇలా రండి మేడమ్. ముఖ్యమైనవాళ్ళని మేం ఇటు నుంచే తీసుకొస్తాం" అన్నాడు యజమాని.

మేడమ్ స్టూలెక్కి, కిటికీ గట్టు మీద కూర్చుని, ఒక కాలు ఇవతలికి వేసింది. ఆ కాలు నేల మీద కాక టేపు చుట్ట మీద పడింది. చుట్ట దొర్లింది. మేడమ్ చీలమండ ఒక దిక్కుకు, మేడమ్ ఇంకో దిక్కుకు వెళ్ళారు.

"చీలమండ బెణికింది" అంది ఆమె పళ్ళు బిగించి, కింద కూర్చునే.

యజమాని మొహం వెలిగిపోయింది. "మేడమ్, మీరు సరైన చోట పడ్డారు. బావా, సంచి."

అందరూ మేస్త్రి వంక చూశారు. అతను సంచి తీసుకుని, కళ్ళు మూసుకుని నొక్కాడు. యజమాని దాన్ని లాక్కుని ఆమె చీలమండ మీద పెట్టాడు. అల్లుడు కాగితం విప్పి, "ఇప్పుడు మీ కాలి నుంచి బయటికి పోయే వేడి ఎంతంటే" అని మొదలుపెట్టాడు.

"ఇది వెచ్చగా ఉందే" అంది మేడమ్.

"మొదట అలాగే ఉంటుంది మేడమ్. తరువాత చల్లబడుతుంది" అన్నాడు యజమాని.

"ఇంకా వేడెక్కుతోంది."

"ఒకటి చాలలేదు. బావా, ఇంకోటి."

రెండోది పెట్టారు. మూడోది పెట్టారు. చల్లబడకపోవడానికి సంచులు తక్కువ కావడమే కారణమని యజమాని గట్టిగా నమ్మాడు. ఆరో సంచి పెట్టేసరికి మేడమ్ కాలు శీతాకాలంలో పసిపిల్లను చుట్టినట్టు ఉంది. "నేను మిమ్మల్ని కాలు ఉడకబెట్టమన్నానా?" అంది ఆమె. అల్లుడు చదవడం ఆపి, కాగితం వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకు తిప్పి, పెన్సిలు కోసం జేబులు తడుముకోవడం మొదలుపెట్టాడు. అందరి కళ్ళూ సంచుల మీది చీటీల మీద వాలాయి. ఆరింటి మీదా మేస్త్రి అనే ఉంది.

కావలసింది పలుకులు. నాలుగు బస్తాల పలుకులూ హీటరు పాలయ్యాయి. కిటికీలోంచి రోడ్డు అవతల తెల్లగా ఏదో మెరిసింది. వాచ్‌మన్ చొక్కా. ఆ తెలుపు సబ్బు తెలుపు కాదని మేస్త్రికి ఒక్కసారిగా తట్టింది. స్టూలు మీదుగా బయటికి దూకి బెంచీ దగ్గరకు పరుగెత్తాడు.

"ఏమయ్యా, నువ్వు దొంగవే కదా?"

"పొద్దున్నుంచీ అంటూనే ఉన్నారుగా."

"అలా కాదు. నిజంగా. దయచేసి."

వాచ్‌మన్ గ్లాసు కింద పెట్టాడు. "ఏం కావాలి మేస్త్రిగారూ?"

"సోడా పలుకులు. ఆరబెట్టకముందు తీసినవి. మీ ఇంట్లో ఒక డబ్బాడన్నా ఉంటాయి. నువ్వు తీశావని నాకు నమ్మకం ఉంది. నీ మీద నాకు చాలా నమ్మకం ఉంది."

"ఇప్పుడు ఒప్పుకుంటే పొద్దున మీరన్న మాట నిజమైపోతుంది."

"అవనీ."

"మరి నేను పడ్డ అవమానం?"

"ఆ మాట వెనక్కి తీసుకుంటాను."

"నేను దొంగనైతే వెనక్కి తీసుకోవడం దేనికి? కాకపోతే సోడా ఎక్కణ్ణుంచి తేవాలి?"

మేస్త్రికి తల తిరిగింది. కిటికీలోంచి యజమాని గొంతు ఏడో సంచి అడుగుతోంది. "నువ్వే చెప్పు, ఎలా అంటే ఇస్తావు?"

వాచ్‌మన్ టీ కొట్టు వాడి దగ్గర కాగితం, పెన్ను అడిగి తెచ్చి ముందు పెట్టాడు. అన్నీ ముందే ఆలోచించుకున్నవాడిలా ఉన్నాడు. "రాయండి. 'డబ్బాడు సోడా నేనే స్టోరులోంచి తీసి ఇతనికి ఇచ్చాను. ఇతనికి ఏ పాపం తెలియదు.' కింద సంతకం."

మేస్త్రి రాసిచ్చాడు. బడి మానేశాక అతను ఒకేసారి అన్ని మాటలు రాయడం అదే మొదలు. వాచ్‌మన్ ఇల్లు పక్క సందులోనే. డబ్బా రెండు నిమిషాల్లో వచ్చింది, నిండా గాజుముక్కల్లాంటి పలుకులతో.

తరువాతిదంతా చేతుల పని. మేస్త్రి పలుకులు తూచాడు, భార్య ఒక ఖాళీ సంచిలో నీళ్ళ పొట్లంతో సహా నింపి మూతి అతికింది, మేస్త్రి నొక్కాడు. సంచి అతని గుప్పిట్లోనే మంచుముద్దలా మారింది. యజమాని వెచ్చటి సంచులన్నీ పీకేసి దాన్ని పెట్టాడు. మేడమ్ కళ్ళు మూసుకుని గోడకు చేరబడి, "అబ్బ" అంది.

షెడ్డులో అందరూ ఒకేసారి ఊపిరి వదిలారు. అల్లుడి పెన్సిలు మాత్రం కాగితం మీద గీస్తూనే ఉంది.

"దొరికింది" అన్నాడు అతను మేస్త్రి వైపు తలెత్తి. మొహం పాలిపోయింది గాని కళ్ళు మెరుస్తున్నాయి. "సూత్రం కరెక్టే మామయ్యగారూ. మొదలే తప్పు. పలుకు మొదలు వేరు, పొడి మొదలు వేరు. పలుకు కరిగితే అరవై ఏడు పాళ్ళ వేడి లోపలికి లాక్కుంటుంది. పలుకులోంచి నీళ్ళు విడిపోవాలంటే తొంభై రెండు పాళ్ళ వేడి పొయ్యాలి. అది మన హీటరు పోసింది. పొడి కరిగేటప్పుడు ఆ తొంభై రెండూ తిరిగొస్తాయి. అందులోంచి అరవై ఏడు తీసేస్తే ఇరవై అయిదు బయటికి. అందుకే వేడి. మూడు అంకెలూ నా పట్టికలోనే ఉన్నాయి. నేను ఒకటి వదిలేశాను."

"గాల్లో పోయిందన్నారు" అన్నాడు మేస్త్రి.

"గాల్లో పోలేదండీ. నా లెక్కలోంచి పోయింది" అన్నాడు అల్లుడు తల దించుకుని.

మేస్త్రి అతని వంక మొదటిసారి కాస్త మనిషిని చూసినట్టు చూశాడు. చదువుకున్నవాడు తప్పు ఒప్పుకోవడం అతను అంతవరకు చూడలేదు.

"అంటే ఒకే సోడా, పలుకుగా ఉంటే చలవ, ఆరబెడితే కాపడమా?" అంది మేడమ్ నేల మీదినుంచి.

"నిజానికి ఇది పొరపాటున" అని అల్లుడు అంటుండగానే యజమాని అతని కాలు తొక్కాడు. "అదే మేడమ్ మా ప్రత్యేకత. రెండూ ఒకేసారి మీ కాలి మీదే చూపిద్దామని."

మేడమ్ పక్కన పడి ఉన్న ఆరు వెచ్చటి సంచుల్ని ఒక్కొక్కటే తీసి, పిండి, తలకిందులు చేసి చూసింది. "చల్లవి మైదానానికి, వెచ్చవి పొద్దున్నే బిగుసుకుపోయే కండరాలకి. రెండూ తీసుకుంటాను. కానీ ఒక్క మాట. నొప్పితో వీటిని చేతనైనంత గట్టిగా పిసికాను. ఒక్కటీ కారలేదు. వీటి మూతులు అతికింది ఎవరు?"

"నేనేనండి" అంది మేస్త్రి భార్య.

"ఇక మీద నేను ఈవిడతోనే మాట్లాడతాను. మీరెవరూ నాకు అక్కర్లేదు."

యజమాని ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయలేదు. "అక్కా, నిన్ను షెడ్డు ఇన్‌చార్జిని చేద్దామని నేను ఎప్పట్నుంచో అనుకుంటున్నాను." ఎప్పట్నుంచో అంటే ఆ వాక్యం మొదలైన దగ్గర్నుంచి. ఇన్‌చార్జి అక్కడికక్కడే మొదటి ఉత్తర్వు వేసింది. కాపడం సంచులు అల్లుడివి, హీటరున్న పక్క గదిలో. చలవ సంచులు మేస్త్రివి, మిక్సింగు గదిలో.

గది దక్కింది. మేస్త్రి గబగబా లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఒక రోజులో గది పోయి, పరువు పోయి, రెండూ తిరిగొచ్చిన మనిషి ఎలా నవ్వాలో అలా, పన్ను లేని సందు గాలికి జివ్వుమనేదాకా నవ్వాడు.

తలుపు తట్టకుండా తెరుచుకుంది. భార్య. ఆమె చేతిలో టీ మరక పడిన కాగితం.

"వాచ్‌మన్ డ్యూటీలో చేరుతూ ఇచ్చాడు. కొత్త ఇన్‌చార్జి దగ్గర రికార్డులో ఉండాలట." ఆమె కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివింది. "ఇరవై రెండేళ్ళు కాపురం చేసి, నా మొగుడు స్టోరులోంచి సరుకు తీసి పంచిపెడతాడని నాకు తెలియలేదు."

"అది నిజం కాదే. వాడు తీశాడు. నేను ఊరికే రాశాను."

"ఇంటికి ఒక ఉత్తరం రాయని మనిషి ఊరికే రాశాడా?"

మేస్త్రి కాగితం కోసం చెయ్యి చాచాడు.

"మా తమ్ముడికి చెప్పనులెండి. గది కూడా మీదే" అంది ఆమె కాగితాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెడుతూ. తరువాత గది నాలుగు మూలలా ఒకసారి చూసి, అక్కడున్న ఒక్కగానొక్క కుర్చీని ఎత్తుకుని బయటికి నడిచింది. కలపడం నిలబడి చేసే పని అని ఆవిడ అప్పుడే కనిపెట్టింది.